గోడవైపు తిరిగి చెప్పిన మాటలు

ఆ ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ గోడకే చెప్పేవారు. అమ్మ పొయ్యి ముందు నిలబడి, గదివైపు వీపు పెట్టి, మసిపట్టిన గోడని చూస్తూ మాట్లాడేది. నాన్న పక్కన నిలబడి అదే గోడని చూస్తూ ఊ కొట్టేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు మొగుడూ పెళ్లాలకి పడట్లేదేమో అనుకునేవారు. అదేం కాదు. వెనక గదిలో మావయ్య ఉండేవాడు. ఆయనకి మాట సరిగ్గా వినపడదు గాని పెదాలు కనపడితే చాలు, అక్షరం పొల్లుపోకుండా పట్టేసేవాడు. కాబట్టి ఆయనకి తెలియకూడని సంగతి ఏదైనా ఉంటే గోడే దిక్కు. అలా దాచిన మాటలన్నిట్లోకీ పెద్దమాట ఒకటుంది. దాన్ని దాచినవాళ్లు చెడ్డవాళ్లే అయితే ఈ కథ చెప్పడానికి నాకు ఇంత ఒళ్లు మండేది కాదు.

మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. బాయిలర్లు, పెద్ద పెద్ద నీళ్ల ట్యాంకులు తయారుచేసే షెడ్డులో పని. మనిషి పొట్టి, బక్కపలచన. అదే ఆయన కొంప ముంచింది. రేకులు కలిపి రివెట్లు కొట్టేటప్పుడు బయట ఇద్దరు సుత్తులతో బాదుతుంటే, లోపల ఒకడు కూచుని, ఎర్రగా కాలిన రివెట్టు తలకి ఇనప దిమ్మ ఆనించి ఒళ్లంతా బిగబట్టి నొక్కిపెట్టాలి. ఒళ్లున్నవాళ్లు ఆ కన్నంలోంచి దూరలేరు. మావయ్య దూరగలడు. పనిలో చేరిన మొదటిరోజు దూరినవాణ్ని మళ్లీ బయటి పనికి ఎవరూ రానివ్వలేదు. షెడ్డులో ఆయన్ని 'లోపలాయన' అనేవారు. హాజరు పిలిచే గుమస్తా కూడా అసలు పేరు మరిచిపోయి అలాగే పిలిచేవాడు. ట్యాంకు లోపల కూచున్నవాడికి దెబ్బ చెవిలో పడదు, పుర్రెలో పడుతుంది. నూనెలో తడిపిన దూది చెవుల్లో కుక్కుకునేవాడు పాపం. అంత మోతని పిడికెడు దూది ఏం ఆపుతుంది? ఆ షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే అక్కడ అందరూ గొంతు లేకుండా పెదాలు కదిపి మాట్లాడుకునేవారు. టీ తాగుదామా అన్నా, నీ మొహంలా ఉంది అన్నా, అన్నీ పెదాలతోనే.

సాయంత్రం ఇంటికొచ్చి, మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, మంచం కిందనుంచి ఫిడేలు పెట్టె లాగితే అప్పుడు బయటికొచ్చేవాడు అసలు మనిషి. చిన్నప్పుడు ఒక నాటకాల కంపెనీలో ఫిడేలు వాయించే ముసలాయన దగ్గర నేర్చుకున్నాడట. కంపెనీ మూతపడ్డాక ముసలాయన తన ఫిడేలు ఈయనకే ఇచ్చేసి పోయాడు. మావయ్యకి పెళ్లి కాలేదు. అంత చిన్న గదిలో ఫిడేలూ పెళ్లామూ పట్టవని నాన్న జోకు. ఆ జోకుకి అందరికన్నా గట్టిగా నవ్వేది మావయ్యే.

ఆ ఇంటి పిల్లకి, తన అక్కకూతురికి, 'గిలక' అని పేరుపెట్టింది ఆయనే. పుట్టిన కొత్తలో ఆ పిల్ల ఏడిస్తే నూనె లేని బావిగిలక తిరిగినట్టుండేదట. బళ్లో అసలు పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్ల పలికేది కాదు, ఎవరినో అనుకుని పక్కకి చూసేది. మావయ్య షెడ్డునుంచి వచ్చే వేళకి గిలక మెట్లమీద కూచుని ఉండేది. ఆయన వీధి అవతలనుంచే పెదాలు కదిపేవాడు, 'మీ అమ్మ ఇవాళ ఎవరిమీద ఎగురుతోంది?' అని. గిలక పెదాలతోనే జవాబిచ్చేది, 'నాన్నమీద. ఇస్త్రీ చేస్తూ కాలర్లు మాడ్చాడు' అని. ఆ విద్య ఆయనే నేర్పాడు. భోజనాల దగ్గర పెద్దవాళ్లు చూస్తుండగా ఇద్దరూ గొంతు లేకుండా ఊరందర్నీ ఆడిపోసుకుని ముసిముసిగా నవ్వుకునేవారు.

ఇక ఫిడేలుతో ఆయన చేసిన అల్లరి చెప్పాలంటే ఒక రోజు చాలదు. మేడమీద కాపురముండే మొగుడూ పెళ్లాలు రోజూ పోట్లాడుకునేవారు. మావయ్య కింద కూచుని ఆ పోట్లాట మొత్తం ఫిడేలు మీద దింపేవాడు. మొగుడి సణుగుడు లావు తీగ మీద, పెళ్లాం కేకలు సన్న తీగ మీద. మధ్యలో చెంబు విసిరికొట్టిన చప్పుడుకి పెట్టెమీద ఒక్క దెబ్బ. పైన కొంచెంసేపు నిశ్శబ్దం, తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వడం వినపడేది. చివరికి పైనావిడ పోట్లాట మొదలుపెట్టేముందు కిటికీలోంచి తొంగిచూసి, మీ తమ్ముడు ఇంట్లో లేడు కదా అని అమ్మని అడగడం మొదలుపెట్టింది.

ఆదివారాలు పాట ఉండేది. గిలక ఆయన మోచేతి కింద, ఇనుము కాలిన వాసన కొట్టే ఆ పక్కలో కూచుని పాడేది. ఆయన నేర్పే పద్ధతి ఒకటే. ముందు పిల్ల పాడాలి, వెనక ఫిడేలు రావాలి. పాట యజమాని, వాయిద్యం నౌకరు అనేవాడు. పిల్ల తప్పుదారి పడితే తనూ ఆ తప్పుదారినే వెళ్లి, అక్కడనుంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు వెనక్కి తెచ్చేవాడు. ఏనాడూ కోప్పడలేదు. ఆ పిల్లకి జీవితంలో భయమనేది లేని చోటు ఏదన్నా ఉంటే అదొక్కటే.

గిలకకి పదేళ్లు వచ్చేసరికి ట్యాంకు తన పని తాను చేసేసింది. ఇలాంటి మోతకి చెవి ఒక్కసారిగా పోదు. ముందు పైస్వరాలు పోతాయి, పిట్టల కూతలు, చిన్నపిల్లల మాటలు. మావయ్యకి కింది స్వరాలు బాగానే తెలిసేవి. నాటకాలవాళ్ల పద్ధతిలో చుబుకం ఫిడేలుకి ఆనించి ఉంటుంది కాబట్టి దవడ ఎముక గుండా మోగేవి. తీగలు బాగానే బిగించుకునేవాడు. పాట కింద తిరిగినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. పైకి ఎక్కితే మాత్రం వేలు ఎక్కడ ఆగాలో చెప్పే చెవి లేదు. ఓ గింజంత కిందే ఆగిపోయేది. ఆయనకి అది తెలియదు. తన చెవి కాస్త మందగించిందనీ మాటలు సరిగ్గా అందట్లేదనీ తెలుసు. ఫిడేలు దగ్గర కూడా మోసం జరుగుతోందని మాత్రం తెలియదు.

ఒక ఆదివారం గిలక పైస్వరానికి వెళ్లేసరికి ఫిడేలు కింద ఉండిపోయింది. పుల్ల మామిడికాయ కొరికినట్టు పిల్ల మొహం ముడుచుకుంది. మావయ్యా, తప్పు అనడానికి నోరు తెరిచింది. ఆయన వెనక నిలబడ్డ అమ్మ కళ్లు పెద్దవి చేసి వేలు అడ్డంగా ఊపింది. పాట అయ్యాక రెక్క పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి, గోడవైపు తిప్పి నిలబెట్టింది.

"పగలంతా వాడి బతుకు ఆ డబ్బాలో. వాడికి ఉన్నది ఇదొక్కటే. ఇది కూడా తప్పని నువ్వు చెప్తావా? పైకెళ్లినప్పుడు నీ గొంతే కాస్త దించు. నీ సొమ్మేం పోతుంది?"

అంతే. ఆ ఇంట్లో చట్టం పుట్టింది. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఈ ఒక్క సంగతి మాత్రం ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుంది. అక్కడితో ఆగిందా? ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చింది. ఆదివారం పాట అవగానే మేడమీది వాళ్లూ పక్కింటివాళ్లూ వచ్చి చప్పట్లు కొట్టేవారు, భలే వాయించావయ్యా అనేవారు. ఇంటి యజమాని ఒకసారి, చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాంగాని చెవిటివాడే ఊదడం ఇప్పుడే చూస్తున్నాం అన్నాడు. అమ్మ ఊరుకుంటుందా? పాడే పిల్లకి లేదు, పక్కన కూచుని వినే మాకు లేదు, కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ అని దులిపేసింది. అసలు దురద కందకే ఉందని ఆవిడకి తోచలేదు.

గిలక గొంతు దించడం నేర్చుకుంది. నేర్చుకుంది అంటే మామూలుగా కాదు. మావయ్య వేలు ఏ రోజు ఎంత కింద ఆగుతుందో, ఆయన భుజం వాలిన తీరుని బట్టి ముందే తెలిసిపోయేది. ఆయన కన్నా ముందే అక్కడికి దిగి కూచునేది. వింటున్నవాళ్లకి పాట మొత్తం కాస్త వడిలినట్టు అనిపించేదే గాని ఇద్దరి మధ్యా సందు కనపడేది కాదు. మావయ్య పెదాలు చదవగలడు నిజమే, కాని పెదాలు మాట చెబుతాయి, స్వరం చెప్పవు. ఆయనకి కనిపించేది పిల్ల నవ్వుమొహం, అక్క నవ్వుమొహం, చప్పట్లు. పాట యజమాని, వాయిద్యం నౌకరు అన్న ఇంట్లో యజమాని వచ్చి నౌకరు వెనక నడుస్తోంది. నౌకరుకి ఆ సంగతి తెలియదు.

బట్టలు ఆరేసే వంకతో గిలక మేడ పైకి వెళ్లి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, అదే పాట తిన్నగా పాడుకునేది. పైస్వరం దాని చోట అది నిలబడేది. హాయిగా ఉండేది. ఆ వెంటనే మావయ్య జేబులోంచి ఏదో కాజేసినట్టు సిగ్గేసేది. శ్రుతిలో పాడటానికి దొంగతనం చెయ్యాల్సిన పిల్లని మీరెక్కడైనా చూశారా?

చదువు మానేశాక గిలక నాన్న ఇస్త్రీ దుకాణంలో నిలబడింది. రాత్రికి పాదాలు వాచేవి. ముంజేతి మీద పెట్టె కాల్చిన మచ్చలు ఒకదాని పక్కన ఒకటి చేరాయి. ఆవిరికి గొంతు బొంగురుపోయేది. నాన్న చూస్తూ ఉండేవాడు. ఆయన అన్నగారు కూడా ఆ దుకాణంలోనే నిలబడీ నిలబడీ కాళ్లు పోగొట్టుకున్నాడు. అందుకని సంగీత పాఠశాల వాళ్లు పాటకి కొత్తవాళ్లని తీసుకుంటున్నారని తెలిసినప్పుడు దరఖాస్తు తెచ్చింది నాన్నే. ఎన్నికైతే అక్కడే ఉండటం, అక్కడే భోజనం, చదువయ్యాక ఉద్యోగం. ఆ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది. ఇక ఇస్త్రీపెట్టె ఉండనే ఉంది.

పరీక్షకి వాయిద్యం వాళ్లే ఇస్తారు, కావాలంటే మనవాళ్లని తెచ్చుకోవచ్చు అన్నారు. ఆ మాట వినగానే మావయ్య మొహం చూడాలి. పనిలో చేరాక మొదటిసారి సెలవడిగాడు. కొత్త తీగలు కొన్నాడు. క్షవరం చేయించుకున్నాడు. లోపలాయన బయటికొస్తున్నాడోయ్ అని షెడ్డువాళ్లు ఏడిపిస్తే మురిసిపోయాడు. నువ్వు రావద్దు మావయ్యా అనడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

పరీక్ష ముందురోజు సాయంత్రం అమ్మా నాన్నా మళ్లీ గోడ దగ్గర నిలబడ్డారు. గిలక వాళ్ల మధ్య నిలబడి ఉంది. ఇప్పటికైనా చెప్పేద్దాం అన్నాడు నాన్న. ఇన్నేళ్లు దాచింది ఈ ఒక్కరోజు దాయలేమా, రేపు గడిస్తే చాలు అంది అమ్మ.

"రేపు దాని బతుకు," అన్నాడు నాన్న.

"వాడిదీ బతుకే," అంది అమ్మ.

నాన్న ఇంకేమీ అనలేదు. అనాల్సింది. నోరున్నవాళ్లు నోరు మూసుకునే వేళలన్నీ ఇలాంటివే ఎందుకవుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గిలక వెనక గదిలోకి వెళ్లింది. చెప్పెయ్యాలనే వెళ్లింది. మావయ్య మంచంమీద కూచుని మెత్తటి గుడ్డతో ఫిడేలు తుడుస్తున్నాడు. పిల్లని చూడగానే పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె ఆయనకి ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కనపడేలా మొహమెత్తి, మావయ్యా అంది. ఆయన తన మాటే ముందు చెప్పాడు.

"రేపు నువ్వు నావైపు చూడకు. వాళ్లని చూసి పాడు. నువ్వెక్కడికి వెళ్తే నేనక్కడికి వస్తా. ఇన్నేళ్లలో ఎప్పుడైనా నిన్ను వదిలేశానా?"

"లేదు మావయ్యా," అంది గిలక.

పాఠశాలలో వాళ్లని కూచోబెట్టిన హాలు పొడుగ్గా ఉంది. ఒక చివర చెక్కవేదిక, దానిమీద అరిగిపోయిన తివాచీ. రెండో చివర బల్ల, బల్ల వెనక ఒక పెద్దావిడా ఒక సన్నటాయనా. మూల కూచున్న నౌకరు శ్రుతిపెట్టె మోగిస్తున్నాడు. మావయ్య దానికి చెవి దగ్గరగా పెట్టి, అరచెయ్యి ఆనించి, తీగలు బిగించుకున్నాడు. సరిగ్గానే బిగించాడు. సన్నటాయన తలూపాడు కూడా.

వచ్చేటప్పుడు బస్సులో గిలక ఒట్టు పెట్టుకుంది. ఏమైనా సరే పైస్వరం దాని చోటే పాడాలి, ఫిడేలు ఎక్కడుంటే అక్కడుండనీ. పాట మొదలైంది. కింద తిరిగినంతసేపు ఇద్దరూ ఎంత బాగున్నారంటే తలుపు దగ్గర వంతుకోసం నిలబడ్డవాళ్లు కూడా మాటలు ఆపారు. తర్వాత పాట పైకెక్కింది. పక్కన మావయ్య భుజం వాలింది. ఒట్టు ఒట్టుగానే ఉంది. రోజూ నడిచిన దారి పట్టిన గాడిదలాగ గొంతు మాత్రం ఆయన వేలు ఎక్కడుందో అక్కడికే దిగిపోయింది. శ్రుతిపెట్టె ఒకచోట, వాళ్లిద్దరూ ఒకచోట. పల్లవికి దిగి మళ్లీ ఎక్కింది. మళ్లీ అంతే.

బల్ల దగ్గర పెద్దావిడ పక్కకి వంగింది. గుసగుసగానే అంది. అంత దూరానికి ఏ చెవికీ అందని గుసగుస. ఆవిడకి ఎలా తెలుస్తుంది, వేదికమీద ఉన్న ఇద్దరికీ చెవులతో పని లేదని? అక్కడ గోడవైపు తిరిగి మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు.

'పిల్ల గొంతు మంచిది. ఎక్కడికి వెళ్లాలో దానికి తెలుసు. ఆయన కోసం కావాలనే దించుతోంది, చూడండి.'

'ఆయనకి వినపడదేమో,' అన్నాయి సన్నటాయన పెదాలు.

'పాపం, ఆయనకి తెలియనివ్వట్లేదు. ఇది ఇవాళ మొదలైంది కాదు. ఎన్నేళ్లనుంచో మోస్తున్నట్టుంది. ఆయన్ని దించితే తప్ప ఈ పిల్ల పైకి రాదు.'

గిలక చదివింది. చదువుతూనే పాడుతోంది. పక్కకి చూడొద్దనుకుంటూనే చూసింది. మావయ్య కళ్లు ఆ రెండు మొహాల మధ్యా తిరుగుతున్నాయి. పెద్దావిడ మాట ముగించి వెనక్కి ఆనుకుంది. మావయ్య కళ్లు ఇంకా ఆవిడ నోటిమీదే ఉన్నాయి. కమాను ఇంకొంచెం నడిచి, సగంలో ఆగింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు చెయ్యి పట్టేసింది," అన్నాడు, చెవిటివాళ్లు మాట్లాడినట్టు హాలంతా వినపడేలా. "నువ్వు పాడమ్మా."

ఆయన ఆ పిల్లతో ఆడిన మొదటి అబద్ధం అది. పెద్దావిడ, పరవాలేదండీ, అమ్మాయీ, ఆ పైభాగం ఒక్కదానివే ఇంకోసారి పాడు అంది.

లేచి వెళ్లిపోవచ్చు. ఏడ్చెయ్యొచ్చు. మావయ్య లేకుండా పాడను అనొచ్చు, అలా అంటే వినడానికి బాగుంటుంది కూడా. గిలక పాడింది. కాలిన మచ్చల చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని, శ్రుతిపెట్టె నాదాన్ని పట్టుకుని పైకెళ్లి, దాని చోట దాన్ని నిలబెట్టింది. పక్కన ఎవరూ లేని ఆ స్వరం ఎంత సుఖంగా ఉందో, ఆ సుఖానికి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆపలేదు. మావయ్యకి ఆ పాట వినపడదు. ఆయన ఆమెని చూడటం మానేసి, వింటున్నవాళ్ల మొహాలు చూస్తూ కూచున్నాడు. పెద్దావిడ కళ్లు మూసుకుంది. సన్నటాయన కలం కింద పెట్టేశాడు. తలుపు దగ్గర ఒక పిల్ల నోరు తెరిచి నిలబడిపోయింది. ఇంట్లో ఆయన చప్పట్లు చాలా చూశాడు గాని ఇలాంటి మొహాలు ఒక్కనాడూ చూడలేదు.

సీటు వచ్చింది. సాయంత్రంలోపే చెప్పేశారు. మావయ్య ఫిడేలు మళ్లీ ముట్టలేదు. షెడ్డులో రివెట్లు పోయి, రేకులు వెల్డింగుతో అతికే పని వచ్చాక ఆయన్ని గేటు దగ్గర కుర్చీలో కూచోబెట్టారు, ఆ కుర్చీలోనే ఒకరోజు మధ్యాహ్నం పోయాడు. గిలక అప్పటికి పాఠశాలలోనే పిల్లలకి పాట చెబుతోంది. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆయన ఆప్యాయంగానే పలకరించేవాడు, భోజనం చేశావా అనేవాడు, నవ్వేవాడు. కాని వంట బాగుందిరా అని అక్క అన్నా, నీ ఒంట్లో బాగుందిలే అని డాక్టరు అన్నా, ఓహో అలాగా అని తల వంచుకునేవాడు. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ రోజు బస్టాపులో జరిగినదాని తర్వాత చెప్పడానికి నాకు ఇంకేమీ మిగలదు.

బస్సు ఆలస్యమైంది. రేకు పంచ కింద బల్లమీద ఇద్దరే ఉన్నారు. మావయ్య పెట్టె ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. పెట్టె గడియ తీసి మళ్లీ వేశాడు. తర్వాత పెదాలతోనే అడిగాడు, పాత అలవాటు ప్రకారం గొంతు లేకుండా.

'ఎప్పట్నించి?'

గిలక ఇవాళే అనబోయి ఆగింది. ఇంకా దాచడం ఆమెకి చేతకాలేదు. తన పదో ఏటనుంచీ అని చెప్పింది. ఆయన తలూపాడు. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. కోపంగా కాదు. ఇల్లు ఖాళీ చేసేవాడు ఒక్కొక్క సామానూ తీసి చూసుకున్నట్టు. మేడమీదావిడ కూతురి పుట్టినరోజున వాయించింది? అప్పుడు కూడా మావయ్యా. నాన్న జబ్బునుంచి లేచిన రోజున? అప్పుడూ. పక్కవీధి వాళ్లు పిలిపించుకుని శాలువా కప్పినప్పుడు? గిలక తల దించుకుంది. ఆయన ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు, పెదాలు కనపడాలి కదా. అప్పుడు కూడా, అంది.

'మా షెడ్డువాళ్లంతా ఇంటికొచ్చి, ఇంకోటి ఇంకోటి అని గొడవ చేశారు, ఆ రోజు?'

'వాళ్లు నిజంగానే మెచ్చుకున్నారు మావయ్యా. వాళ్లకి అమ్మేం చెప్పలేదు.'

మావయ్య నవ్వాడు. "వాళ్లకీ వినపడదు కదమ్మా," అన్నాడు పైకే.

గిలకకి దుఃఖం ఆగలేదు. ఆయన ఆమె వీపు నిమిరాడు. ఊరుకోమన్నాడు, సీటు వచ్చిన రోజు ఏడవకూడదన్నాడు. బస్సు వస్తోందేమోనని రోడ్డు చివరికి చూశాడు. రాలేదు. అప్పుడు ఆఖరిది అడిగాడు. అడగాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించి మరీ అడిగాడు.

"మీ అమ్మ ఆసుపత్రిలో ఉందే, నీకు ఐదేళ్లో ఆరేళ్లో. అమ్మ వచ్చేదాకా తిననని తలుపు వెనక కూచున్నావు. నేను పనికి పోకుండా పొద్దుట్నించీ వాయిస్తూ కూచున్నా. సాయంత్రానికి నువ్వే తలుపు తీసుకుని వచ్చి నా పక్కన పడుకుని నిద్రపోయావు. ఆ రోజు?"

ఆ రోజుకి ఆయన చెవులకి ఇంకా ఏమీ కాలేదు. ఆ రోజు వాయించింది ఎలా ఉందంటే, గిలక తర్వాత ఎందరి దగ్గర ఎన్ని విన్నా దానికి సాటి వచ్చింది ఒక్కటీ లేదు. తలుపు వెనక చీకట్లో ఆకలిగా కూచున్న పిల్లకి, అమ్మ చచ్చిపోదు అని ఎవరో పదే పదే చెప్పినట్టు ఉంది. ఆ పిల్ల పాటవైపు తిరగడానికి కారణమే ఆ పూట. గిలక కళ్లు తుడుచుకుని ఆయనకి ఎదురుగా తిరిగింది. ఒక్కొక్క మాటా విడివిడిగా, పెదాలు స్పష్టంగా కదిపి చెప్పింది.

"అది బాగుంది మావయ్యా. ఆ రోజు ఒక్క స్వరం కూడా తప్పు పోలేదు. నా మీద ఒట్టు. నిజంగా బాగుంది."

మావయ్య ఆ పెదాలని చూశాడు. తర్వాత కళ్లలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు. చివరికి ఆమె చెంప మీద చిన్నగా తట్టాడు.

"మీ అమ్మ కూడా ఇంతేనమ్మా," అన్నాడు. "బాగుందని ఎప్పుడు చెప్పినా ఇలా నా మొహంలోకి చూసే చెప్పేది."